ఫోన్ ఎవరి చేతిలో ఉంటే చదువు వారిదేనా?

గరిడేపల్లి: డిగ్రీలో చేరాలంటే ఒకప్పుడు చేయవలసిన పని పెద్దగా ఉండేది కాదు. మిర్యాలగూడకో, హుజూర్‌నగర్‌కో, కోదాడకో, సూర్యాపేటకో బస్సెక్కి, కాలేజీ ఆఫీసులో దరఖాస్తు ఫారం కొని, నింపి, సర్టిఫికెట్లు జత చేసి ఇచ్చి వస్తే సరిపోయేది. ఫారం నింపడం రాకపోతే ఊళ్లో పంతులుగారు నింపిపెట్టేవారు. నేడు పరిస్థితి అది కాదు. కాలేజీ గేటు దాటకముందే ఫోన్‌లో పది పనులు పూర్తి కావాలి. చేరిన తర్వాత పాఠం ఫోన్‌లో, పరీక్ష ఫీజు ఫోన్‌లో, హాల్ టికెట్టు ఫోన్‌లో, చివరికి ఫలితం కూడా ఫోన్‌లోనే.

ఇట్టి పరిస్థితిలో ఊళ్లలో ఒక మాట తరచు వినిపిస్తున్నది. కుర్రవాళ్లకు ఫోన్ విద్య పుట్టుకతోనే వచ్చిందని, నలభై దాటినవారికి అది అబ్బదని. ఈ మాట నమ్మి చదువుకోవాలన్న కోరికను చంపుకునే పెద్దలు ఉన్నారు. ఇదే మాట నమ్మి, "మావాడికి అన్నీ తెలుసు" అని ధీమాగా ఉండి, పిల్లల సీటో ఉపకార వేతనమో చేజారాక బాధపడే తల్లిదండ్రులూ ఉన్నారు. రెండు వైపులా నష్టం చేస్తున్న ఈ నమ్మకంలో నిజమెంత?

నిజం చాలా తక్కువ. విశ్వవిద్యాలయ చదువులో ఫోన్, కంప్యూటరు ఎవరికి ఎంత ఉపయోగపడుతున్నాయన్నది వయసు ఒక్కటే తేల్చే విషయం కాదు. ఫోన్ ఎవరి పేరున ఉంది, ఏ అవసరానికి వాడుతున్నారు, నేర్పేవారు ఎవరైనా ఉన్నారా అన్న మూడు ప్రశ్నలకు వచ్చే జవాబులు వయసు కంటే ముఖ్యమైనవి.

అన్ని వయసులవారూ కూర్చున్న తరగతి

వేర్వేరు వయసుల విద్యార్థులు ఒకే చదువు చదవడం తెలుగువారికి కొత్త కాదు. దేశంలోనే మొట్టమొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం మన దగ్గరే పుట్టింది. 1982 ఆగస్టు 26న ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఏర్పడింది. ఆచార్య జి. రామిరెడ్డి దానికి తొలి ఉపాధ్యక్షులు. ఢిల్లీలో 1985లో ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం పెట్టినప్పుడు దానికి తొలి ఉపాధ్యక్షులుగా వెళ్లినదీ ఆయనే. ఇక్కడి విశ్వవిద్యాలయానికి 1991లో డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరు పెట్టారు.

ఇంటర్మీడియట్ చదవనివారికి కూడా అర్హత పరీక్ష పెట్టి డిగ్రీలో చేర్చుకునే పద్ధతిని ఈ విశ్వవిద్యాలయం చాలా ఏళ్లు నడిపింది. బడి మానేసి పనిలో పడ్డవారు, పెళ్లయి సంసారంలో మునిగిన స్త్రీలు, ప్రమోషను కోసం డిగ్రీ కావలసిన ఉద్యోగులు ఆ దారిన పట్టభద్రులయ్యారు. ఆదివారాల్లో అధ్యయన కేంద్రాల్లో జరిగే తరగతుల్లో ఇరవై ఏళ్ల కుర్రవాడి పక్కన యాభై ఏళ్ల గుమాస్తా కూర్చుని పాఠం వినడం ఎవరికీ వింతగా తోచలేదు. ఈ విశ్వవిద్యాలయం తెలుగులో అచ్చువేసిన పాఠ్యపుస్తకాలను గ్రూప్స్ వంటి పోటీ పరీక్షలకు చదివే నిరుద్యోగులు ఇప్పటికీ వెదికి మరీ కొనుక్కుంటారు.

అప్పట్లో కొత్త సాధనమంటే రేడియో. విశ్వవిద్యాలయం పాఠాలు ఆకాశవాణిలో వచ్చేవి. తర్వాత ఆడియో క్యాసెట్లు వచ్చాయి, దూరదర్శన్‌లో పాఠాలు వచ్చాయి. తెలంగాణ ఏర్పడ్డాక 2017లో మొదలైన టీ-శాట్ ద్వారా ఉపగ్రహం నుంచి పాఠాలు వస్తున్నాయి. 2020లో కరోనా లాక్‌డౌన్‌తో కాలేజీలు మూతపడినప్పుడు పాఠమంతా ఫోన్‌లోకి వచ్చి చేరింది.

ఇందులో గమనించవలసిన తేడా ఒకటుంది. రేడియో మీట తిప్పితే పాఠం వచ్చేది. దానికి పేరు నమోదు అక్కరలేదు, రహస్య సంకేతం అక్కరలేదు. ఇల్లంతా ఒకే రేడియో విన్నా ఎవరికీ నష్టం లేదు. ఫోన్ సంగతి వేరు. అది ఒక మనిషికి, ఒక నంబరుకు, ఒక ఆధార్‌కు ముడిపడి ఉంటుంది. ఎవరి నంబరో వారి దగ్గర లేకపోతే, పాఠం వినడం మాట అటుంచి, అసలు విద్యార్థిగా నమోదు కావడమే కష్టం.

పుట్టుకతో వచ్చే విద్య కాదు

కుర్రవాళ్లకు పుట్టుకతోనే ఈ విద్య వస్తుందన్న మాట మన ఊళ్లలో పుట్టింది కాదు. 2001లో మార్క్ ప్రెన్‌స్కీ అనే అమెరికా రచయిత దీన్ని ప్రచారంలోకి తెచ్చాడు. కంప్యూటర్ల మధ్య పుట్టి పెరిగినవారు ఈ లోకానికి స్థానికులని, ముందు తరం వారు వలస వచ్చినవారి వంటివారని ఆయన అన్నాడు. వినడానికి ఇంపుగా ఉన్న ఈ మాట ప్రపంచమంతా పాకింది. ఆ తర్వాత పరిశోధకులు లెక్కలు తీసి చూస్తే అది నిలబడలేదు.

బ్రిటన్‌లో 1969లో స్థాపించిన ఓపెన్ యూనివర్సిటీ మన సార్వత్రిక విశ్వవిద్యాలయాల కంటే ముందుది. అక్కడి పరిశోధకులు ఆన్ జెల్ఫ్స్, జాన్ రిచర్డ్‌సన్ తమ విద్యార్థులలో 7,000 మందికి ప్రశ్నపత్రాలు పంపారు. వారిలో 21 ఏళ్లవారి నుంచి వందేళ్లకు చేరువైనవారి దాకా ఉన్నారు. సగానికి పైగా జవాబులు పంపారు. ఫలితాలు 2013లో ప్రచురితమయ్యాయి.

వయసు పెరిగేకొద్దీ కంప్యూటరు ముందు గడిపే సమయం కొంత తగ్గిన మాట నిజమే. అయితే ఆ తగ్గుదల మెల్లగా, వాలు భూమిలాగా ఉంది. ఫలానా ఏడు దాటితే ఇక రాదు అని గీత గీయడానికి ఎక్కడా ఆధారం దొరకలేదు. అంతకంటే ముఖ్యమైన సంగతి మరొకటి బయటపడింది. ఈ సాధనాలంటే ఇష్టం, సుముఖత ఉన్నవారు ఏ వయసు వారైనా సరే, పాఠాన్ని పైపైన బట్టీ పట్టకుండా లోతుగా అర్థం చేసుకుని చదువుతున్నారు. అలా లోతుగా చదివే అలవాటు పెద్ద వయసు విద్యార్థుల్లోనే ఎక్కువగా కనిపించింది.

అక్కడి మాట ఇక్కడ చెల్లుతుందా అని ఎవరైనా అడగవచ్చు. చెల్లుతుందనడానికి మన ఊళ్లలోనే సాక్ష్యం ఉంది. యాభై అయిదేళ్ల రైతు తన భూమి వివరాలను ఫోన్‌లో చూపించమని అడగడం, చూసుకోవడం నేర్చాడు. 2018లో రైతుబంధు మొదలయ్యాక బ్యాంకు నుంచి మెసేజీ వచ్చిందా లేదా అని చూడటం నేర్చాడు. టీ కొట్టు దగ్గర, ఎరువుల దుకాణం దగ్గర గుర్తు మీద ఫోన్ పెట్టి డబ్బు పంపడం నేర్చాడు. ఇవేవీ ఎవరూ తరగతి పెట్టి నేర్పలేదు. అవసరం నేర్పింది. డబ్బు పంపడం వచ్చినవారికి పరీక్ష ఫీజు కట్టడం రాకపోవడానికి వయసు కారణం కాదని వేరే చెప్పనక్కరలేదు.

కుర్రకారుకు తెలిసిందెంత?

ఇక కుర్రవాళ్ల సంగతి. వీరి వేళ్లు ఫోన్ మీద పరుగెత్తే వేగం చూసి పెద్దలు ఆశ్చర్యపోవడం సహజం. వేగం వేరు, తెలివిడి వేరు.

దేశంలోని గ్రామీణ పిల్లల చదువుల మీద ఏటా జరిగే అసర్ సర్వేలో 2023లో 14 నుంచి 18 ఏళ్ల వారిని ప్రత్యేకంగా పరిశీలించారు. రేపు డిగ్రీ తరగతుల్లో కూర్చోబోయేది వీరే. 28 జిల్లాల్లో జరిగిన ఈ సర్వేలో నూటికి దాదాపు 90 ఇళ్లలో స్మార్ట్ ఫోన్ ఉన్నట్లు తేలింది. అంతకు ముందు వారంలో ఫోన్‌ను చదువు పనికి వాడినవారు మూడింట రెండు వంతులు. సినిమాలు, పాటలు వగైరా వినోదానికి వాడినవారు నూటికి 80 మంది వరకు.

ఫోన్ చేతికిచ్చి కొన్ని పనులు చేయమన్నారు. ఒక ప్రశ్నకు ఇంటర్నెట్‌లో జవాబు వెదకడం నూటికి 70 మందికి వచ్చింది. చెప్పిన సమయానికి అలారం పెట్టడం మూడింట రెండు వంతుల మందికే వచ్చింది. ఒక చోటి నుంచి మరో చోటికి వెళ్లడానికి ఎంత సేపు పడుతుందో మ్యాపులో చూడటం మూడో వంతుకు కాస్త మించి మాత్రమే చేయగలిగారు. సామాజిక మాధ్యమాలు వాడేవారిలో తమ ఖాతాను కాపాడుకునే ఏర్పాట్లు తెలిసినవారు సుమారు సగం మందే.

దీన్నిబట్టి, వీడియోలు చూడటం వచ్చినంత మాత్రాన దరఖాస్తు చదివి నింపడం వచ్చినట్లు కాదని స్పష్టమవుతున్నది. కాలేజీలో చేరే పిల్లలలో ఈమెయిలు ఒక్కసారి కూడా రాయనివారు, ఫైలును ఎక్కడ దాచారో తర్వాత వెదికి తీసుకోలేనివారు ఉంటారు. ఇంటర్నెట్ సెంటరు వాడు ఈమెయిలు తెరిచి ఇస్తాడు, పాస్‌వర్డు కూడా వాడే పెడతాడు. మరుసటి ఏడు అది అవసరమైనప్పుడు విద్యార్థికీ గుర్తుండదు, సెంటరు వాడికీ గుర్తుండదు. అడిగి రాసుకోవడానికి కుర్రవాడికి నామోషీ. "నీకు అన్నీ తెలుసు కదా" అని ఊరంతా అంటున్నప్పుడు తెలియదని ఒప్పుకోవడం కష్టమే మరి.

పెద్ద వయసు విద్యార్థికి ఆ నామోషీ లేదు. తెలియదని ముందే ఒప్పుకుంటారు గనుక అడుగుతారు. దరఖాస్తు నంబరును నోటు పుస్తకంలో రాసుకుంటారు. రసీదును కాగితం మీద తీయించి పెట్టెలో దాస్తారు. పది నిమిషాల్లో అయ్యే పనికి గంట పడుతుంది గాని, పని పూర్తయ్యే ఉంటుంది. వీరి ఇబ్బంది వేరే చోట ఉంది.

పేరు కలవదు, పుట్టిన తేదీ కలవదు

2021లో కేంద్రం విద్యార్థుల క్రెడిట్ల కోసం ఒక బ్యాంకు వంటి ఏర్పాటు తెచ్చింది. దీన్ని ఏబీసీ అంటారు. విద్యార్థి ఎక్కడ ఏ సబ్జెక్టు పాసైనా ఆ లెక్క అతని పేరున జమ అవుతుంది. మధ్యలో చదువు ఆపి మళ్లీ చేరేవారికి ఇది మంచి ఏర్పాటే. దూరవిద్యలో చేరేవారు డెబ్ ఐడీ అనే మరో నంబరు కూడా తీసుకోవాలని యూజీసీ 2024లో నిబంధన పెట్టింది. ఏబీసీ నంబరు ఉంటేనే డెబ్ నంబరు వస్తుంది. ఏబీసీ నంబరుకు ఆధార్ కావాలి. ఆధార్‌కు ఓటీపీ వచ్చే ఫోన్ నంబరు కావాలి. గొలుసులో ఒక్క లంకె తెగితే మిగతాదంతా ఆగిపోతుంది.

పెద్ద వయసు విద్యార్థులకు లంకె తెగేది ఫోన్ దగ్గర కాదు, కాగితాల దగ్గర. పదో తరగతి మెమోలో పుట్టింటి పేరు, ఆధార్‌లో అత్తింటి పేరు. మెమోలో పుట్టిన తేదీ ఒకటి, ఆధార్‌లో కేవలం సంవత్సరం. ఒక దానిలో పేరు ముందు ఇంటిపేరు పూర్తిగా, మరో దానిలో ఒక్క అక్షరం. మనిషి చూస్తే అర్థం చేసుకుంటాడు. కంప్యూటరు అర్థం చేసుకోదు, తప్పు అని తిప్పి పంపుతుంది. దీన్ని చూసి "నాకు కంప్యూటరు రాదు" అని పెద్దలు తమను తామే నిందించుకుని వెనక్కి తిరుగుతారు. వచ్చిన చిక్కు వారి తెలివిలో లేదు, అక్షరాల తేడాలో ఉంది. మీ సేవ కేంద్రానికో, ఆధార్ కేంద్రానికో వెళ్లి దిద్దించుకుంటే తీరే చిక్కు అది. దరఖాస్తుల గడువు మొదలు కాకముందే దిద్దించుకోవాలన్నది ఒక్కటే నియమం.

ఓటీపీ నాయిన ఫోన్‌కు పోతే

రెగ్యులర్ డిగ్రీ సీట్లకు 2016 నుంచి తెలంగాణలో దోస్త్ పద్ధతి అమలయింది. 2007లో నల్గొండలో ఏర్పడిన మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయం పరిధిలోని కాలేజీలకూ ఈ పద్ధతే. ఆధార్‌తో జత అయిన నంబరుకు వచ్చే ఓటీపీతో పేరు నమోదవుతుంది. తర్వాత కాలేజీల ఎంపిక, సీటు కేటాయింపు, సీటు వచ్చినట్లు ఆన్‌లైన్‌లో ఒప్పుకోవడం ఉంటాయి. ప్రతి మెట్టుకూ ఒక గడువు. ఒప్పుకోవలసిన గడువు దాటితే వచ్చిన సీటు పోతుంది.

ఒక ఇల్లు అనుకుందాం. ఆ ఇంట ఆడపిల్ల ఇంటర్ పాసయింది. ఆధార్‌కు జత చేసిన నంబరు తండ్రిది. ఆయన ఫోన్ జేబులో పెట్టుకుని పొద్దున్నే పొలం పోయాడు. పిల్ల ఇంటర్నెట్ సెంటర్లో కూర్చుని ఓటీపీ కోసం చూస్తున్నది. ఓటీపీ చెల్లేది కొద్ది నిమిషాలే. నాయినకు ఫోన్ చేస్తే, "ఏదో మెసేజీ వచ్చింది బిడ్డా, ఇంటికొచ్చినాక చూస్త" అంటాడు. ఆయన తప్పు లేదు. ఎవరికీ నంబరు చెప్పవద్దని బ్యాంకు వారు చెప్పి ఉన్నారు. పిల్ల తప్పూ లేదు. ఆమెకు ఫోన్ వాడటం బాగా వచ్చు, సొంత నంబరే లేదు. పద్దెనిమిదేళ్ల వయసు, చురుకైన వేళ్లు ఉండి కూడా ఆ రోజు ఆమె పని సాగదు.

ఇది ఊహించిన ఇల్లే గాని, ఇటువంటి ఇళ్లు ఎన్ని ఉండవచ్చునో పై సర్వే అంకెలే చెబుతాయి. స్మార్ట్ ఫోన్ వాడటం తెలిసిన మగపిల్లల్లో నూటికి 43.7 మందికి సొంత ఫోన్ ఉండగా, ఆడపిల్లల్లో అది 19.8 మందికే ఉంది. అంటే అయిదుగురిలో ఒకరికి మాత్రమే. తక్కిన నలుగురూ అన్నదో, నాయినదో, అమ్మదో అడిగి తీసుకుని వాడవలసినవారే. పెళ్లయిన తర్వాత దూరవిద్యలో చేరే స్త్రీలకు ఆధార్‌కు ఉన్న నంబరు భర్తదో, పుట్టింటివారిదో అయి ఉంటే ఇదే చిక్కు మళ్లీ ఎదురవుతుంది. కొడుకుకు డిగ్రీలో చేరగానే ఫోన్ కొనిపెట్టి, కూతురికి "ఇంట్లో ఉన్నదిగా" అని సరిపుచ్చే ఇంట్లో, ఇద్దరూ ఒకే తరగతి చదివినా ఒకే చదువు చదివినట్లు కాదు.

ఆడపిల్ల చేతికి ఫోన్ ఇస్తే చెడిపోతుందన్న భయం పెద్దల్లో ఉంది. భయాన్ని తీసిపారేయనక్కరలేదు. అయితే ఆ భయం మగపిల్లవాడి విషయంలో ఎందుకు లేదన్నది ఆలోచించవలసిన విషయం. ఫోన్‌లో పందేలు కట్టి, అప్పుల యాప్‌ల వలలో పడి ఇల్లు గుల్ల చేసిన కుర్రవాళ్ల కథలు పత్రికల్లో వస్తూనే ఉన్నాయి. ఆన్‌లైన్ జూదాన్ని తెలంగాణ 2017లోనే చట్టం సవరించి నిషేధించింది. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ కేంద్రం 2025 ఆగస్టులో చట్టం చేసింది. చట్టాలు ఉన్నాయి. ఇంట్లో అడిగేవారూ ఉండాలి.

ఫోన్ ఉన్నంత మాత్రాన కంప్యూటరు ఉన్నట్లు కాదు

ఇంకొక భ్రమ కూడా ఉంది. ఫోన్ ఉంటే చాలు, కంప్యూటరు ఎందుకని. చిన్న తెర మీద పాఠం వినవచ్చు. పది పేజీల వ్యాసం రాయడం, ప్రాజెక్టు నివేదిక తయారు చేయడం, లెక్కల పట్టిక వేయడం ఫోన్‌లో దాదాపు అసాధ్యం. 2017-18లో జరిగిన జాతీయ నమూనా సర్వే ప్రకారం పట్టణాల్లో నూటికి 23.4 ఇళ్లలో కంప్యూటరు ఉంటే, పల్లెల్లో 4.4 ఇళ్లలోనే ఉంది. ఆ తర్వాత ఫోన్లు పల్లెను ముంచెత్తాయి గాని, కంప్యూటర్లు ఆ తీరున రాలేదు.

దీని ప్రభావం పరీక్షల్లో కనబడుతుంది. ఇంజనీరింగు, ఫార్మసీ సీట్లకు అప్పట్లో ఎంసెట్ పేరుతో జరిగిన పరీక్షను తెలంగాణలో 2018 నుంచి కంప్యూటర్ మీద పెట్టడం మొదలుపెట్టారు. మౌసు కదపడం మొదటిసారి పరీక్ష హాల్లోనే నేర్చుకునే పల్లె పిల్లవాడు, ఇంట్లో కంప్యూటరు ఉన్న పట్టణపు పిల్లవాడితో పోటీ పడవలసి వస్తుంది. ఇక్కడ ఇద్దరి వయసూ ఒక్కటే. తేడా అంతా ఇంట్లో ఉన్న వస్తువులో, దాన్ని ముందుగా తాకి చూసే అవకాశంలో ఉంది. ట్రిపుల్ ఐటీలుగా పేరుపడ్డ రాజీవ్‌గాంధీ విజ్ఞాన సాంకేతిక విశ్వవిద్యాలయాన్ని 2008లో స్థాపించినప్పుడు, పల్లె పిల్లలకు ఈ లోటు ఉండకూడదనే ప్రతి విద్యార్థికీ ల్యాప్‌టాప్ ఇచ్చే పద్ధతి పెట్టారు. చేతికి వస్తువు ఇచ్చి, నేర్పేవారిని పెడితే పల్లె పిల్లలు ఎవరికీ తీసిపోరని ఆ ఏర్పాటు చాటింది.

చేయవలసినదేమిటి?

సమస్య వయసులో లేదు గనుక పరిష్కారాన్ని కూడా వయసును బట్టి వెదకనక్కరలేదు. ఊళ్లో, ఇంట్లో, కాలేజీలో చేయగలిగిన పనులు కొన్ని ఉన్నాయి. వీటిలో చాలావాటికి పెద్ద ఖర్చు లేదు.

మొదటిది ఇంటి పని. చదువుకునే ప్రతివారికీ, ఆడపిల్ల గాని, కోడలు గాని, నడి వయసు తల్లి గాని, తన సొంత ఫోన్ నంబరు ఉండాలి. అదే నంబరు ఆధార్‌కు జత కావాలి. ఖరీదైన ఫోన్ కానక్కరలేదు. ఓటీపీ రావడానికి మామూలు మీటల ఫోన్ చాలు. ఇది వేసవిలోనే, ఫలితాలు రాకముందే చేసి ఉంచుకోవాలి.

రెండవది కాగితాల పని. పదో తరగతి మెమోను, ఆధార్‌ను పక్కపక్కన పెట్టి పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ అక్షరం అక్షరం పోల్చి చూసుకోవాలి. తేడా ఉంటే ముందే దిద్దించుకోవాలి.

మూడవది నోటు పుస్తకం. దరఖాస్తు నంబరు, ఈమెయిలు, చివరి తేదీలు ఒకచోట రాసి పెట్టుకోవాలి. ఈ మంచి అలవాటును కుర్రవాళ్లు పెద్దల నుంచి నేర్చుకోవలసి ఉంది. ఇంటర్నెట్ సెంటర్లో ఎవరో పెట్టిన పాస్‌వర్డును ఇంటికి రాగానే మార్చుకోవాలి. ఓటీపీని తాను స్వయంగా చేస్తున్న పనికి తప్ప, ఫోన్ చేసి అడిగిన వారికి చెప్పరాదు. పొరపాటున డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930 నంబరుకు ఫోన్ చేయాలి.

నాలుగవది కాలేజీలు, అధ్యయన కేంద్రాలు చేయవలసినది. కొత్తగా చేరినవారికి మొదటి వారంలోనే రెండు గంటలు కేటాయించి ఈమెయిలు రాయడం, ఫైలు దాచి తిరిగి తీయడం, విశ్వవిద్యాలయం వెబ్‌సైటులో తన పేజీ తెరవడం, ఫీజు కట్టి రసీదు తీసుకోవడం చేయించి చూపాలి. అధ్యయన కేంద్రంలో ఆ పని మొదటి ఆదివారం తరగతిలోనే జరగాలి. "ఇవన్నీ అందరికీ వచ్చులే" అని ఊహించుకోవడమే ఇప్పుడు జరుగుతున్న పొరపాటు. ఒక చిన్నవారిని, ఒక పెద్దవారిని జంటగా కూర్చోబెడితే ఇద్దరికీ మేలు. ఒకరికి వేగం తెలుసు, మరొకరికి ఓపిక తెలుసు.

అయిదవది ఊరి పని. గరిడేపల్లి వంటి మండల కేంద్రంలో అందరూ వాడుకోదగిన రెండు కంప్యూటర్లు, ఒక ప్రింటరు, సాయంత్రం రెండు గంటలు కూర్చుని చూపే ఒక మనిషి ఉంటే, చుట్టూ ఉన్న గడ్డిపల్లి, పొనుగోడు, కీతవారిగూడెం, కల్మలచెరువు విద్యార్థులకు ఎంతో ఆసరా. గ్రంథాలయం గాని, ప్రభుత్వ పాఠశాల గది గాని ఇందుకు సరిపోతుంది. పంచాయతీలు, దాతలు, ఊరి నుంచి వెళ్లి ఉద్యోగాలు చేస్తున్నవారు తలచుకుంటే ఇది కొండంత పని కాదు. ఊళ్లో పెద్దవాళ్లకు నేర్పడం కొత్తా కాదు. 1988లో జాతీయ అక్షరాస్యతా మిషన్ మొదలయ్యాక, 1990 దశకంలో కూలినాలి చేసుకునేవారు పొద్దంతా పనిచేసి రాత్రి లాంతరు ముందు కూర్చుని అక్షరాలు దిద్దారు. వారి వయసు అప్పుడు ఎవరికీ అడ్డం రాలేదు.

విశ్వవిద్యాలయాలు, ప్రభుత్వం కూడా ఆలోచించవలసినది ఉంది. ఒక్క ఓటీపీ రాకపోవడం వల్లనో, ఒక్క అక్షరం తేడా వల్లనో మనిషి చదువు ఆగిపోకూడదు. ఫోన్ దారి మూసుకుపోయినప్పుడు కాగితం దారి ఒకటి తెరిచి ఉండాలి. అధ్యయన కేంద్రానికి వచ్చి అడిగినవారికి "ఆన్‌లైన్‌లో చూసుకోండి" అన్న జవాబు చాలదు. చూపించే మనిషి ఒకరు అక్కడ కూర్చుని ఉండాలి.

1982లో సార్వత్రిక విశ్వవిద్యాలయం పెట్టినప్పుడు ఉద్దేశం ఒక్కటే. కాలేజీకి రాలేనివారి దగ్గరకు కాలేజీయే వెళ్లాలని. ఆనాడు పాఠం పోస్టులో, రేడియోలో వెళ్లింది. ఈనాడు ఫోన్‌లో వెళుతున్నది. ఫోన్ లేని ఆడపిల్లను, పేరు కలవని తల్లిని, తెలియదని చెప్పుకోలేని కుర్రవాణ్ని వదిలేసి వెళితే ఆ ఉద్దేశం నెరవేరినట్లు కాదు. వచ్చే వేసవిలో ఫలితాలు వెలువడి దరఖాస్తుల హడావిడి మొదలయ్యేలోగా ప్రతి ఇంట్లో ఒక సాయంత్రం కూర్చుని చదువుకునేవారి నంబరు, కాగితాలు సరిచూసుకుంటే, ఈ మండలంలో కొన్ని సీట్లయినా చేజారకుండా నిలుస్తాయి.